సౌటోళ్ల సంతకం

మా నాయనకు రాయడం వచ్చిన అక్షరాలు ఐదే. ఆ ఐదూ కలిపితే ఆయన సంతకం అవుతుంది. మొదటిది ఇంటిపేరుకు గుర్తుగా వేసే పొడి అక్షరం. మిగిలిన నాలుగూ ఆయన పేరు. ఆ మొదటి అక్షరం తప్పని ఆయనకు చెప్పింది నేను. మా వంశంలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి, నా మాట ఆయన నమ్మాడు.

మా ఇంటిపేరు చౌటి. నా పదో తరగతి మెమోలో అలాగే ఉంది. ఇంట్లో మాత్రం ఆ పేరును ఎవరూ ఏనాడూ అలా పలకలేదు. సౌటి అనేవారు. నల్లగొండ వైపు మా ఊళ్లో మమ్మల్ని సౌటోళ్లు అనేవారట. మా ప్రాంతపు నోట్లో చెరువు సెరువు అవుతుంది, చదువు సదువు అవుతుంది. అది తప్పు కాదనీ, ఒక మాట ఒక నేల మీద నడిచే తీరు అదేననీ ఇప్పుడు నేను తరగతిలో పాఠం చెబుతున్నాను. ఇరవై రెండేళ్ల వయసులో నాకు ఆ తెలివిడి లేదు. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే: సకారం పలికితే చదువు రానివాళ్లని జనం అనుకుంటారు.

నాయన నాచారం పారిశ్రామిక వాడలో ఒక బట్టల మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. మగ్గాల వైపు కాదు. నేసిన గుడ్డ దుకాణానికి పోయే ముందు దానికి జరగవలసిన ఆఖరి పనులు కొన్ని ఉంటాయి, ఆ షెడ్డులో. మగ్గం మీది నుంచి దిగిన గుడ్డను కోరా అంటారు. ఏమీ రాయని కాగితాన్ని కూడా కోరా కాగితం అంటాం. ఆ కోరా గుడ్డ పసుపుపచ్చగా, గరుకుగా, అక్కడక్కడ పత్తిగింజ పెంకులతో ఉంటుంది. దాన్ని సోడా నీళ్లలో ఉడకబెట్టాలి, తెల్లబరచాలి, గంజి పట్టించాలి, వేడి రోలర్ల మధ్య నుంచి లాగి నునుపు చేయాలి. నాయన పని ఆ రోలర్లకు గుడ్డను ముడత పడకుండా అందించడం. ఆయన వేళ్ల కొసలు ఎప్పుడూ తెల్లగా, నానినట్టు ఉండేవి.

"నేసినోడు బట్టను కంటడు. మేము తానం బోస్తం" అనేవాడు. తానమంటే స్నానం.

అమ్మ మా వీధి మొదట్లో బండి పెట్టుకొని ఇస్త్రీ చేసేది. మేము చాకలివాళ్లం. నాయన ఊరిలో రేవు వదిలి మిల్లుకు వచ్చినా పని మారలేదు, రేవుకు కప్పు వేశారంతే అని అమ్మ వెక్కిరించేది. మా ఒంటిగది అద్దె ఇంట్లో రెండు వాసనలు ఉండేవి. సాయంత్రం నాయనతో పాటు వచ్చే సోడా వాసన, అమ్మ చీర కొంగులోని బొగ్గు వాసన.

ఆరో తరగతిలో ఉండగా ఒకనాడు మా తెలుగు పంతులుగారు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగారు. ఆయన కొత్తగా వచ్చారు.

"చౌటి! ఇదేం ఇంటిపేరమ్మా? చౌటి నేల అంటే తెలుసునా?"

తెలియదన్నాను.

"చౌడు పట్టిన నేల. విత్తనం వేస్తే మొలవదు, నీళ్లు పెడితే నిలవదు. గడ్డి కూడా పెరగదు. ఎందుకూ పనికిరానివాణ్ని చవట అంటామే, ఆ మాట దాంట్లోంచే వచ్చింది."

ఆయన నన్ను అవమానించాలని అన్నారనుకోను. ఒక మాట పుట్టుక చెప్పే సంబరం ఆయన గొంతులో ఉంది. ఇప్పుడు తరగతిలో నా గొంతులోనూ అదే ఉంటుంది. కాని ఆ మధ్యాహ్నానికే నేను చవటమ్మనైపోయాను. హిందీ మాట్లాడే రైల్వే ఉద్యోగుల పిల్లలు ఇద్దరు ముగ్గురుండేవారు. ఇంగ్లిషు అక్షరాల్లో నా పేరు చూసి వాళ్లు 'ఛోటీ' అన్నారు. తెలుగువాళ్లకు చవటను, వాళ్లకు చిన్నదాన్ని. ఖోఖో ఆటలో నేను అవుటైతే చాలు, "చౌట్ల ఏం పండుతదిరా!" అని అరిచేవారు.

ఆ సాయంత్రం నాయన కాళ్లు కడుక్కుంటుండగా అడిగాను. "నాయనా, మన ఇంటిపేరు గట్లెందుకున్నది?"

"ఎట్లున్నది?"

"ఏం పండని భూమి పేరట."

ఆయన చెంబు పక్కన పెట్టాడు. ఏదో చెప్పబోయినట్టే ఉంది. ఇంతలో బయట బండి దగ్గర నుంచి అమ్మ కేకేసింది. "పేరు తింటదా, అన్నం తింటదా అడుగు నీ బిడ్డను! బువ్వ సల్లారుతున్నది!"

నాయన నవ్వి, "తాతలిచ్చిన పేరు బిడ్డా. మంచిదే" అన్నాడు. అంతటితో ఆగిపోయాడు. ఆ కేక ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే నా జీవితంలో కొన్ని కాగితాలు పుట్టేవి కావేమోనని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. అందులో అమ్మ తప్పేమీ లేదు. బువ్వ నిజంగానే చల్లారుతోంది.

డిగ్రీ మొదటి శ్రేణిలో పాసయ్యాను. పీజీలో చేరేలోగా పేరు మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను. ముందు పత్రం రాయించి, పత్రికలో ప్రకటన ఇచ్చి, గెజిట్‌లో వేయించాలని తెలుసుకొని అన్నీ వరుసగా ఒక కాగితం మీద రాసుకున్నాను. చదువుకున్నవాళ్లు పనులు అలాగే చేస్తారని నా నమ్మకం. కొత్త ఇంటిపేరుగా పచ్చని పైరు గుర్తొచ్చే మాటను ఒకదాన్ని నిఘంటువులో వెతికి పట్టుకున్నాను. ఆ పేరు ఇక్కడ రాయను.

నాయనతో చెప్పినప్పుడు ఆయన అన్నం కలుపుతున్నాడు. చేయి ఆగలేదు.

"కొలువుకు అడ్డం వస్తున్నదా ఈ పేరు?"

"వస్తది నాయనా." అది అబద్ధం. పేరు దేనికీ అడ్డం రాలేదు, నాకే అడ్డం.

"అయితే మార్చుకో."

"ఇద్దరు సాక్షులు కావాలె. ఒక సంతకం నువ్వు పెడ్తవా?"

ఒక మనిషి ఇంటిపేరు తీసివేయడానికి ఆ మనిషినే సాక్షిగా పిలిచాను. ఆ వేళ అందులో నాకేమీ వింతగా తోచలేదు. బయటివాళ్లకు ఈ సంగతి తెలియకూడదు, అందుకని ఇంటి మనిషే సాక్షి. అదీ నా లెక్క.

"పెడ్త. దాందేమున్నది" అన్నాడు.

చిక్కు ఆయన సంతకంలో ఉంది. మిల్లులో చేరిన కొత్తలో వేలిముద్ర వేసేవాడు. హాజరు రాసే గుమాస్తా ఒకాయన జాలిపడి, "నీ ఇంటిపేరేంది?" అని అడిగి, నాయన నోటితో చెప్పినది చెప్పినట్టే రాసి నేర్పించాడు. అందుచేత నాయన సంతకం 'సౌ' అని మొదలయ్యేది. మెమోలో చౌటి, సాక్షి సంతకంలో సౌ. పత్రాన్ని తిప్పి పంపేస్తారని నాకు భయం పట్టుకుంది. ఎవరినీ అడగలేదు. అడగకుండానే అది తప్పని తేల్చేశాను.

ఆ ఆదివారం సాయంత్రం పాత క్యాలెండరు వెనకవైపు ఆయనకు చకారం నేర్పాను. స రాయడం అలవాటైన చేయి చ రాయడానికి తిరగలేదు. పైన ఔత్వం సరిగ్గానే పెట్టేవాడు, కింద పొట్ట దగ్గరకు వచ్చేసరికి గీత పాత దారినే పోయేది.

"గిదేం అచ్చరం బిడ్డా, కడుపుతోని ఉన్నట్టున్నది!"

అమ్మ గుమ్మంలో చీరలకు నీళ్లు చల్లుతూ, "ముసలోనికి బడి మొదలైంది. పలక కొనుక్కురానా? బలపం కొనుక్కురానా?" అంది.

"కొనుక్కురావే. పాసైతే నీ బండికి బోర్డు నేనే రాస్త."

ముగ్గురం నవ్వాం. మా ఇంట్లో అంత సంతోషంగా గడిచిన సాయంత్రాలు ఎక్కువ లేవు. దాదాపు రెండు గంటలు పట్టింది. చివరకు ఒక చౌ సరిగ్గా వచ్చింది. దాన్ని ఆయన కాగితం దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని చూసుకున్నాడు. నేను ఆయనకు నేర్పిన ఒకే ఒక్క అక్షరం అది.

మర్నాడు ఉప్పల్ చౌరస్తా దగ్గర నోటరీ గదిలో, సాక్షి అన్న మాట పక్కన, నాలుక కొస పంటి కింద పెట్టుకొని నాయన నెమ్మదిగా చౌ అని రాశాడు. తన ఇంటిపేరును పుస్తకంలో ఉన్నట్టు రాయడం ఆయనకు అదే మొదటిసారి. నా పేరు ముందు నుంచి అది పోయింది కూడా ఆ కాగితంతోనే. రాసి నావైపు చూశాడు, బాగుందా అన్నట్టు. బాగుందన్నట్టు నేను తల ఊపాను.

తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. మిల్లు మూతపడింది, ఆ స్థలంలో ఇప్పుడు పెద్ద గోదాము ఉంది. నేను ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో తెలుగు అధ్యాపకురాలినయ్యాను. పెళ్లి చేసుకోలేదు. బోడుప్పల్‌లో రెండు గదుల ఫ్లాటు తీసుకొని అమ్మానాన్నలను అక్కడికి తెచ్చుకున్నాను. నాయనకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు ఏఎస్ రావు నగర్ వైపు దవాఖానాకు తీసుకువెళ్లి రక్తశుద్ధి చేయించేవాళ్లం. ఆ మాట కూడా ఆయనకు నవ్వులాటే. "ఇన్నేండ్లు బట్టలను శుద్ధి జేసిన. ఇగ నన్ను ఎవలో రేవుల ఏస్తున్రు" అనేవాడు.

ఆ ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం స్నానాల గదిలో బకెట్టు తోముతూ విసుక్కున్నాను. బోరు నీళ్ల వల్ల బకెట్టు లోపల తెల్లటి పొర కట్టింది, ఎంత రుద్దినా పోదు. నాయన గోడ పట్టుకొని వచ్చి నిలబడ్డాడు. వంగి, గోటితో ఆ పొరను గీకి, నాలుక మీద వేసుకున్నాడు.

"నాయనా! ఏం జేస్తున్నవ్!"

ఆయన కళ్లు మూసుకొని చప్పరించాడు. ఆ ముఖంలో అంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు.

"ఇది సున్నం. సౌడు గాదు" అన్నాడు.

"సౌడంటే? ఏం పండని మన్నే గద?"

ఆయన కళ్లు తెరిచి నన్ను వింతగా చూశాడు. "సౌడంటే ఏందని అడుగుతున్నవా? నువ్వా?"

అప్పుడు, ముప్పై ఏళ్ల కిందట కాళ్లు కడుక్కుంటూ చెప్పబోయి ఆపినది, స్నానాల గది గుమ్మంలో పీట వేసుకొని కూర్చొని చెప్పాడు.

ఎండాకాలం తెల్లవారుజామున చౌటి నేల మీద తెల్లగా పూత పూస్తుందట. ఎండ ఎక్కితే గాలికి పోతుంది కాబట్టి ఆలోపే కొబ్బరిచిప్పతో గీకి ఎత్తాలి. సబ్బులు లేని కాలంలో బట్టను తెల్లగా చేసినది ఆ మన్నే. దాన్ని నీళ్లలో కలిపి బట్టలు నానబెట్టి, పెద్ద కుండ మూతి మీద పేర్చి కింద మంట పెట్టి ఆవిరి పట్టించేవారు. దాన్ని ఉబ్బ వేయడం అంటారు. ఉబ్బ దిగిన బట్టను రేవులో బండకు కొట్టి ఆరేస్తే మల్లెపువ్వులా ఉండేదట. కాని అన్ని చౌడులూ ఒకటి కాదు. ఒకటి బట్టను తెల్లబరుస్తుంది, ఒకటి తినేస్తుంది. ఏది ఏదో చూపుకు తెలియదు, నాలుకకు తెలియాలి.

"నాలిక మీద ఏస్తే ముందుగాల సుర్రుమనాలె. మల్ల సల్లగ గావాలె. గది మంచి సౌడు. మా నాయనమ్మకు ఎరుక, మా నాయనకు ఎరుక. సుట్టు ఊర్ల సాకలోళ్లు ఎండకాలం రాంగనే మా ఇంటికొచ్చి, 'సౌటోళ్లారా, జర మన్ను సూపియ్యున్రి' అని బతిమాలుదురు. గందుకొచ్చింది ఆ పేరు."

నేను బకెట్టు కింద పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను.

"పండే బూమి దొరలది. ఏం పండని బూమి మనది. దానికి ఎవ్వలూ అడ్డం రాకపోదురు" అన్నాడు. అని నవ్వి, "ఉప్పల్, బోడుప్పల్ అంటరు గద. ఈ పేర్లల్ల ఉప్పున్నదో సౌడున్నదో తవ్వి సూడాలె. మా తాతలు సూస్తే ఈడ్నే రేవు పెడ్దురు."

"మరి అప్పుడెందుకు చెప్పలేదు నాయనా? నేను పేరు తీసేసుకున్ననాడు?"

ఆయన తన వేళ్లకేసి చూసుకున్నాడు. మిల్లు వదిలి అన్నేళ్లయినా ఆ కొసలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"నువ్వు సదువుకున్నదానివి. నీకెరుకే అనుకున్న. ఎరుకయ్యే వద్దనుకుంటున్నవ్ అనుకున్న."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగినది చెప్పాడు, అంతే. తాతల పనితనం మొత్తం తెలిసి కూడా కూతురు దాన్ని వద్దనుకుందని పద్ధెనిమిదేళ్లు మనసులో పెట్టుకొని, ఆ కూతురి పళ్లెంలో తన పళ్లెంలోని మాంసం ముక్కలు వేస్తూ వచ్చాడు.

మర్నాడు కళాశాల గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తీశాను. చౌడుకే మరో రూపమైన చవుడు దగ్గర క్షారపు మన్ను, బట్టలు శుభ్రం చేసేది అన్న అర్థం ఉంది. కొంచెం వెనక్కి తిప్పితే చవట ఉంది. ఉప్పు నేల అనీ, పనికిమాలినవాడు అనీ రెండర్థాలూ ఉన్నాయి. మా పంతులుగారు అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసినది నాగలి పట్టినవాడి అర్థం. బట్ట ఉతికినవాడి అర్థం పక్క పుటలోనే ఉంది. నేను తెలుగులో పీజీ చేశాను, ఎన్ని వందల మాటలకు పుట్టుపూర్వోత్తరాలు వెతికానో నాకే గుర్తులేదు. మా ఇంటి మాట కోసం ఆ రెండు పుటలు ఏనాడూ తిప్పలేదు. తిప్పితే ఇంకేం బయటపడుతుందోనని భయం.

చలువ అన్న మాట కూడా ఆనాడే చూశాను. చల్లదనం, దయ, ఉతికి తెల్లబరచడం. ముందు చురుక్కుమని తర్వాత చల్లబడాలని నాయన చెప్పిన రుచి గుర్తొచ్చింది. ఈ అర్థాలు ఒకదానికొకటి ఎలా చుట్టాలయ్యాయో పండితులు తేల్చాలి. మా తాతల నాలుకలకు ముందే తెలిసి ఉంటుందని మాత్రం నా ఊహ.

ఆ సాయంత్రం నాయనతో చెప్పాను. "నా ఇంటిపేరు మళ్లీ పెట్టుకుంట నాయనా."

"మల్ల గెజిట్ల ఏపిస్తవా? ఆ నోటరీ సారు బతికున్నడో లేడో."

"ఇంకొకాయన ఉంటడు."

ఆయన ముఖం కడిగినట్టు తేటపడింది. "సాచ్చి సంతకం నేనే పెడ్త" అన్నాడు. "పోయిందానికి పెట్టిన గద, వచ్చేదానికి గూడ పెడ్త."

అమ్మ వంటింట్లోంచి, "ఒక్క పేరుకు ఎన్నిసార్లు పెండ్లి జేస్తరు తండ్రీ బిడ్డలు!" అంది. నాయన చాలాసేపు నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

పని వారంలో అయిపోవాలి. నేను మూడు నెలలు చేశాను. పరీక్షలున్నాయన్నాను, జవాబు పత్రాలు దిద్దాలన్నాను, ఎండలు తగ్గనీ అన్నాను. ప్రతి కారణమూ నిజమే. వాటి వెనక ఇంకొకటి ఉంది, దాన్ని ఇక్కడ దాచను. కళాశాలలో నా పేరు పలక మారితే తోటివాళ్లు కారణం అడుగుతారు. కారణం చెబితే కులం చెప్పాలి. వాళ్లలో కొందరి బట్టలు సైనిక్‌పురిలో మా బంధువులే ఇస్త్రీ చేస్తారు. పేరుకు అర్థం తెలిసింది కాని, పేరు మోసే ధైర్యం ఇంకా రాలేదు. నాయన రెండు మూడుసార్లు అడిగాడు, తొందర పెట్టినట్టు కాకుండా. "ఎప్పుడు పోదాం బిడ్డా? జర ముందుగాల చెప్పు, గడ్డం గీసుకుంట."

ఆ రోజుల్లో ఆయన మంచం మీద పడుకొని కుడిచేతి చూపుడు వేలితో దుప్పటి మీద ఏదో గీస్తూ ఉండేవాడు. గీసి, అరచేత్తో చదును చేసి, మళ్లీ గీసేవాడు. జబ్బు ముదిరితే చేతులు వణుకుతాయని డాక్టరు ముందే చెప్పారు. అదేననుకొని నేను ఆ చేయి పట్టుకొని ఆపేదాన్ని.

తొలకరి మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం దవాఖానాలో ఆయన గుండె ఆగింది. నేను కళాశాలలో ఉన్నాను. అమ్మ దగ్గరుంది.

దినాలు అయిపోయాక ఆయన దుప్పటి ఉతకడానికి తీశాను. అమ్మ దాన్ని నా చేతుల్లోంచి తీసుకొని ఒళ్లో పెట్టుకుంది.

"దీని మీదనే గద రాసుకుంట ఉండె."

"ఏం రాసుకున్నడే?"

"సంతకం. నువ్వు నేర్పిన అచ్చరం మర్చిపోయిండట. మల్ల తప్పు రాస్తే బిడ్డకు నామోషైతదని రోజు సాధన జేసె. నువ్వేమో చెయ్యి పట్టుకొని ఆపుతివి. ఆయనేమో, 'చెప్పకే, సక్కగ వచ్చినాక నేనే సూపిస్త' అనె."

ఆ దుప్పటి మేము ఉతకలేదు. బట్టలు ఉతికే ఇంట్లో ఉతకకుండా మడిచిపెట్టిన బట్ట అదొక్కటే.

నెల దాటాక అమ్మను తీసుకొని ఉప్పల్ చౌరస్తాకు వెళ్లాను. పాత నోటరీ గది లేదు. మెట్రో స్తంభాల నీడలో ఒక జిరాక్సు దుకాణం వెనక కొత్తది ఉంది. కంప్యూటరు ముందు ముప్పై ఏళ్ల వ్యక్తి కూర్చున్నాడు. నా మెమో చూసి, "చవ... చవటి? ఇదేం పేరు మేడం?" అన్నాడు.

"చౌటి. మన్ను పేరు. బట్టలు తెల్లగా చేసే మన్ను."

"ఓహో. పెండ్లితోని మారిందా?"

"లేదు. నేనే తీసేసుకున్నాను. ఇప్పుడు మళ్లీ కావాలి."

అతను టైపు చేస్తుండగా నాకొక కోరిక పుట్టింది. "సౌటి అని వేయడానికి వీలవుతుందా?"

"మెమోల చౌటి అని ఉన్నది గద మేడం. సౌటి అని యాడన్న రికార్డు ఉన్నదా?"

ఆలోచించాను. సౌ అన్న అక్షరం ఉన్నది మిల్లు జీతాల పుస్తకంలో. మిల్లు మూతపడ్డాక ఆ పుస్తకాలు ఏమయ్యాయో ఎవరికి తెలుసు? లేదన్నాను. "అయితే అది మూడో పేరైతది. చౌటి అనే పెట్టుకోండ్రి" అన్నాడు.

ఒక సాక్షిగా అమ్మ వేలిముద్ర వేసింది. వేసి, వేలు చీరకు తుడుచుకుంటూ నెమ్మదిగా అంది. "పేరు పోయిననాడు ఆయన్ను పిలిస్తివి. వచ్చిననాడు నన్ను పిలిచినవ్. గీ ముద్ర ఆయనదే బిడ్డా."

రెండో సాక్షి కోసం అతను జిరాక్సు దుకాణం ఆయనను కేకేశాడు. ఆయన ఫోను చెవికి ఆనించుకొనే వచ్చి, కాగితం చదవకుండా, కన్ను మూసి తెరిచేలోగా ఒక మెలిక గీసి వెళ్లిపోయాడు. మా నాయన తన సంతకంలో ఒక్క అక్షరానికి రెండు గంటలు, ఆపైన తన ఆఖరి మూడు నెలలు ఖర్చు పెట్టాడు.

చివరగా నేను సంతకం పెట్టాలి. కలం పట్టుకొని ఆగాను. ఆ మూడు నెలలకు బదులుగా నేను ఇవ్వగలిగింది ఇంకేమీ లేదనిపించింది.

"పేరు చౌటి అని ఉంది కదా. సంతకంలో సౌ అని పెడితే తిప్పి పంపుతారా?"

అతను తల కూడా ఎత్తలేదు.

"సంతకమే గద మేడం. ఎట్లున్నా నడుస్తది. అండ్ల అచ్చరాలు ఎవరు సూస్తరు?"

"అప్పట్లో కూడా నడిచేదా? పద్ధెనిమిది ఇరవై ఏళ్ల కిందట?"

"ఎప్పుడైనా అంతే మేడం. ఎవరి సంతకం వాళ్లది."

అమ్మ నా ముఖంలోకి చూసి, ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. కాగితం మీదికి వంగి సౌ అని రాశాను. చకారం అలవాటైన చేయి కాబట్టి అది కుదురుగా రాలేదు.